శుక్రవారం పుస్తకాలు



ముందుగా ఒక ప్రశ్న. పరీక్ష కోసం కాకుండా, పండగ సభలో పద్యం అప్పజెప్పడానికి కాకుండా, ఊరికే సరదాగా మీరు చివరిసారి తెలుగు పుస్తకం ఎప్పుడు చదివారు? జవాబు వెంటనే రాకపోతే సిగ్గుపడకండి. రెండేళ్ల క్రితం ఎవరైనా అడిగి ఉంటే నేనూ తల గోక్కునేదాన్ని.

మనలో చాలామందికి తెలుగు గుడిలోనే వచ్చింది. నాకూ అంతే. మారిషస్‌లో మా ఊరి మందిరం వెనక గదిలో, శనివారం మధ్యాహ్నాలు అ ఆలు దిద్దాను. ఇంట్లో క్రియోల్, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు అంటే భజన, శ్లోకం, శతక పద్యం, ప్రశ్నపత్రం. పూజగదిలో వస్తువులాగా చేతులు కడుక్కుని ముట్టుకునేవాళ్లం. దాంతో ఆడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో పాఠాలు చెబుతున్నాను. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. వేసవిలో పగటిపూట బయట తిరగలేం. ఊళ్లో ఇథ్రా అనే పెద్ద సాంస్కృతిక కేంద్రం ఉంది. 1938లో ఈ దేశపు తలరాత మార్చిన దమ్మామ్ ఏడో నంబరు చమురు బావి దానికి దగ్గర్లోనే ఉంది. ఒక శనివారం అక్కడి గ్రంథాలయంలో ఒక తల్లి తన కొడుక్కి అరబ్బీ కథ చదివి వినిపిస్తోంది. పిల్లవాడు పడీ పడీ నవ్వుతున్నాడు. ఆమె తప్పులు దిద్దడం లేదు, ప్రశ్నలు వేయడం లేదు. ఇంటికి వచ్చి, అట్టపెట్టెలో ఉన్న నా తెలుగు పుస్తకాలు బయటికి తీశాను.

అప్పటినుంచి శుక్రవారం పొద్దున ఒక గంట తెలుగుకి. నియమాలు రెండే. పైకి చదవాలి. ఒక పేజీలో తెలియని మాటలు ఐదు దాటితే ఆ పుస్తకం పక్కన పెట్టి, ఇంకోటి తీయాలి. ఈ మధ్య నాకు నచ్చినవి సులువైన వాటినుంచి మొదలుపెట్టి చెబుతాను.

మొదటిది పాత చందమామ. ఈ పిల్లల మాసపత్రిక 1947 జూలైలో, భారతదేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఒక నెల ముందు, నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చేతుల మీదుగా మొదలైంది. తర్వాత చాలా ఏళ్లు కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని చూసుకున్నారు. ఆయన చేయి పడిన వాక్యాలు చిన్నవి, నిటారుగా ఉంటాయి. కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని వెతుక్కోనక్కర్లేదు. రెండు మూడు పేజీల్లో కథ అయిపోతుంది. బేతాళ కథలైతే చివర ఒక చిక్కుప్రశ్న ఉంటుంది. అక్కడ ఆగి, విక్రమార్కుడి కంటే ముందు మీరే జవాబు చెప్పండి. పాత సంచికలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. పిల్లల పత్రిక కదా అని పెద్దవాళ్లు మొహమాటపడకండి. నేను యాభై దాటాక చదువుతున్నాను.

రెండోది సోమరాజు సుశీల గారి ‘ఇల్లేరమ్మ కతలు’. ఒక చిన్నపిల్ల తన ఇల్లు, అమ్మానాన్నలు, చెల్లెళ్లు, చుట్టాల గురించి గడగడా చెప్పుకుపోతుంది. గుడి బడిలో మనకు ‘మాతృమూర్తి’, ‘సోదరి’ లాంటి మాటలు నేర్పారు. అన్నం తినమని అమ్మ ఎలా కసురుతుందో, చుట్టాలు వస్తే ఇంట్లో ఎంత గోలో నేర్పలేదు. ఆ తెలుగు ఇందులో ఉంది. కొన్నిచోట్ల హాస్యం అర్థం కావడానికి నాకు రెండుసార్లు చదవాల్సి వచ్చింది. రెండోసారి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.

మూడోది సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’. కృష్ణ ఒడ్డున ఉన్న ఒకే ఊరి మీద నూరు కథలు, బాపు గారి బొమ్మలు. ఈ పుస్తకానికి 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక్కో కథ మూడు నాలుగు పేజీలే కాబట్టి గంటలో రెండు చదవచ్చు. నూరూ ఒకే ఎత్తులో ఉండవు. కొన్ని మరీ తియ్యగా అనిపించాయి. అందుకే వరుసగా చదవకండి. బొమ్మ చూసి నచ్చిన కథ తెరవండి.

ఇక్కడిదాకా వస్తే మీరు ఉత్తరాంధ్రకు వెళ్లడానికి సిద్ధం. మన పూర్వీకుల్లో ఎంతోమంది ఓడ ఎక్కడానికి ముందు బతికిన నేల అది. నాలుగో పుస్తకం విజయనగరానికి చెందిన చాసో, అంటే చాగంటి సోమయాజులు గారి కథలు. చాలా చిన్నవి. ‘కుంకుడాకు’ అనే కథలో ఒక పేదపిల్ల పొయ్యిలోకి ఎండుటాకులు ఏరడానికి వెళుతుంది. బడిలో ఉండాల్సిన వయసు. రచయిత ఎక్కడా జాలిపడమని అడగడు. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నేను ఆ కథ మూసి, కాసేపు ఇంకో పేజీ తిప్పలేకపోయాను.

ఐదోది కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞంతో తొమ్మిది’. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పుస్తకం ఇది. ఆయన విశాఖపట్నంలో లెక్కల మాస్టారుగా పనిచేశారు. 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథలన్నింటికీ ఒక ఇల్లు ఉండాలని కథానిలయం పెట్టారు. కథానిలయం వెబ్‌సైటులో ఎన్నో పాత కథలు ఉచితంగా చదువుకోవచ్చు. ఆయన 2021లో కన్నుమూశారు.

‘యజ్ఞం’ సులువైన కథ కాదు. నాకు ఆరు శుక్రవారాలు పట్టింది. శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో, ఒక పేద కుటుంబం మీద ఉన్న పాత అప్పు గురించి పంచాయతీ జరుగుతుంది. తండ్రి చేసిన అప్పు కొడుకు మెడకు, కొడుకు నుంచి మనవడి మెడకు ఎలా చుట్టుకుంటుందో ఆ కథ చూపిస్తుంది. ముగింపు చెప్పను. రాత్రి పడుకునే ముందు మాత్రం చదవకండి.

ఈ కథ మీకెందుకు చెబుతున్నానో వినండి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస కూలీల పాత రికార్డులు ఉన్నాయి. మీలో కొందరు మీ కుటుంబం కాగితం అక్కడినుంచి తెచ్చుకుని ఉంటారు. మా ముత్తాత తండ్రి కాగితం నా దగ్గర ఉంది. అందులో పేరు, వయసు, ఎత్తు, జిల్లా, ఓడ పేరు ఉన్నాయి. ఎందుకు వెళ్లాడో లేదు. ‘యజ్ఞం’ ఆయన కాలం తర్వాతి కథ, కాబట్టి అది ఆయన జవాబని అనను. కానీ మనిషి ఎలాంటి లెక్కలు వేసుకుని ఊరు విడుస్తాడో, ఆ కాగితం చెప్పనిది నాకు కొంత ఈ కథ చదివాక అర్థమైంది.

ఇంకొకటి కూడా తెలిసింది. ఉత్తరాంధ్ర కథలు చదువుతూ ఒకరోజు ‘ఒగ్గేయ్’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. నిఘంటువులో ‘ఒగ్గు’ అంటే చేయి చాపడం, దోసిలి పట్టడం అని ఉంది. అది అక్కడ అతకలేదు. మా బడి బస్సు నడిపే అబ్బాయిది శ్రీకాకుళం జిల్లా. మర్నాడు పుస్తకం చూపించి అడిగాను.

అతను ఆ వాక్యం పైకి చదివి నవ్వాడు. “ఏటి టీచరమ్మా, మా ఊరి మాటలు పుస్తకంలో ఏసేసినారా? ఒగ్గేయ్ అంటే వదిలేయ్ అనమ్మా.”

అతని నోట వినగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మేం పిల్లలం కొట్టుకుంటుంటే “ఒగ్గేయండర్రా” అని అరిచేది. చిన్నప్పుడు గుడి బడిలో నేను ఆ మాట రాస్తే, మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి ‘వదిలేయండి’ అని దిద్దారు. అప్పటినుంచి మా నాయనమ్మది క్రియోల్ కలిసిన విరిగిన తెలుగు అనుకుంటూ వచ్చాను. ఆమెతో తెలుగు మాట్లాడటం మానేసింది కూడా ఆ వయసులోనే. ఆమె మాట తప్పు కాదు. అది ఆమె పెద్దవాళ్ల ఊరి మాట. నలభై ఏళ్ల తర్వాత, ఆమె లేని రోజుల్లో, ఇంకో సముద్రం ఒడ్డున తెలిసింది.

అచ్చులో కళ్లకు దొరకని మాట చెవికి దొరికింది. పైకి చదవమని నేను అన్నది అందుకే. మీ ఇంట్లో ఇంకా తెలుగు వచ్చిన పెద్దవాళ్లు ఉంటే ఒక కథ వాళ్ల దగ్గర కూర్చుని చదవండి. మీరు తడబడిన చోట వాళ్లు అందుకుంటారు. వాళ్లు అనే మాట పుస్తకంలో మాటలా లేకపోతే, తొందరపడి దిద్దకండి. ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి.

బస్సు అబ్బాయిది రెండేళ్ల ఒప్పందం. ఇంటిమీద అప్పు తీరగానే వెళ్లిపోతానంటాడు. పదో తరగతి తర్వాత కథల పుస్తకం పట్టుకోలేదట. ‘యజ్ఞంతో తొమ్మిది’ అడిగి తీసుకెళ్లాడు. మూడు వారాల తర్వాత టీ మరకతో తిరిగొచ్చింది. గదిలో ఐదుగురు ఉంటారు, రాత్రిళ్లు ఒకరు చదివితే మిగతావాళ్లు విన్నారట. కథ గురించి ఏమీ అనలేదు. “ఇలాటిది ఇంకోటుందా టీచరమ్మా?” అని మాత్రం అడిగాడు. చాసో ఇచ్చాను.

ఇప్పుడు మీ వంతు. వచ్చే సంచికకు మీరు చదివిన పుస్తకం పేరు, మీ ఇంటి పెద్దవాళ్ల మాట ఒకటి రాసి పంపండి. నా నోటుపుస్తకంలో మొదటి పేజీలో ‘ఒగ్గేయండర్రా’ ఉంది. దాని కింద చాలా ఖాళీ ఉంది.