పంటి నొప్పికి పరదేశ సహాయం: పల్లెకు మిగిలేదేమిటి?



పన్ను నొప్పి రాత్రిపూటే ఎక్కువవుతుందని మన పెద్దలు చెబుతారు. పగలంతా పొలం పనిలో మరచిపోయిన నొప్పి దీపం ఆర్పగానే లేస్తుంది. లవంగం నమిలి, ఉప్పు నీళ్ళు పుక్కిలించి, దవడకు గుడ్డ కట్టుకొని తెల్లవార్లూ కూర్చున్నవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. తెల్లారితే పట్నం వెళ్ళాలి. బస్సు ఛార్జీ, పోయే ఒక రోజు కూలి, డాక్టరు ఫీజు లెక్క వేసుకొని, "అదే తగ్గుతుందిలే" అని ఊరుకుంటారు. నొప్పి తగ్గుతుంది కూడా. కాని చాలాసార్లు అది పంటి లోపలి నరం చచ్చిపోయి తగ్గడమే గాని, జబ్బు నయమై తగ్గడం కాదు. కొన్నాళ్ళకు పంటి వేరు దగ్గర చీము చేరుతుంది, దవడ వాస్తుంది. ఆ వాపు మెడలోకి దిగితే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది.

ఇది మన ఒక్క ఊరి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారం, లోకంలో సుమారు 350 కోట్ల మంది నోటి జబ్బులతో ఉన్నారు. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యస్థ ఆదాయం గల దేశాలవారే. వైద్యం అందని పుచ్చు పళ్ళు ఉన్న వారే దాదాపు 200 కోట్ల మంది. పాలపళ్ళు పుచ్చిన చిన్న పిల్లలు 50 కోట్లకు పైమాటే. ఈ బాధను చూచి ధనిక దేశాల ప్రభుత్వాలు, సంఘాలు, ధార్మిక సంస్థలు ఎన్నో ఏళ్ళుగా సహాయం పంపుతున్నాయి. ఆ సహాయంలో ఏది పల్లెలో నిలిచింది, ఏది నిలవలేదు అన్నది మనం ఆలోచించాలి. ఎందుకంటే మన సంఘాల్లో కూడా వైద్య శిబిరాలు జరుగుతున్నాయి, అతిథులు వస్తున్నారు.

కుర్చీ వచ్చింది, కరెంటు లేదు

పూర్వం దంత వైద్య సహాయమంటే యంత్రాలు పంపడమే. పెద్ద కుర్చీ, పన్ను తొలిచే యంత్రం, దానిని నడిపే గాలి పంపు పెట్టెల్లో దిగేవి. వాటికి కరెంటు కావాలి, శుభ్రమైన నీరు కావాలి, చెడిపోతే బాగుచేసే మనిషి కావాలి, విడిభాగాలు కావాలి. ఆఫ్రికా పల్లెల్లో ఇవేవీ లేవు. ఒక చిన్న భాగం విరిగితే యంత్రమంతా మూలన పడేది. పంపినవారి ప్రేమలో లోపం లేదు. పల్లె ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోకుండా పంపడమే లోపం.

1980ల మధ్యలో తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో యో ఫ్రెంకెన్ అనే నెదర్లాండ్స్ దంత వైద్యుడు దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. కరెంటు లేని చోట పన్ను పీకడం తప్ప వేరే దారి లేదా అన్నదే ఆయన ముందున్న ప్రశ్న. పుచ్చిన భాగం మెత్తబడి ఉంటుంది గనుక దానిని చేతి పనిముట్లతోనే గీకి తీసివేయవచ్చు. ఆ గుంటను పంటికి అంటుకొనే ఒక రకం సిమెంటుతో పూడ్చవచ్చు. ఆయన, ఆయన తోటివారు ఆ విధంగానే చేసి చూశారు. డ్రిల్లు మోత లేదు. చాలామందికి మత్తు సూది కూడా అవసరం లేదు. రోగిని బడి బల్ల మీద పడుకోబెట్టినా పని జరుగుతుంది.

తరువాత దీనికి గ్లాస్ అయొనోమర్ అనే సిమెంటు వాడసాగారు. అది పంటికి గట్టిగా అంటుకోవడమే గాక కొద్దికొద్దిగా ఫ్లోరైడ్‌ను విడుస్తుంది. 1990లలో థాయ్‌లాండ్, జింబాబ్వే పల్లెల్లో ఈ పద్ధతిని పరీక్షించారు. 1994 ఏప్రిల్ 7న, ప్రపంచ ఆరోగ్య దినోత్సవం నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని లోకానికి పరిచయం చేసింది. ఆ ఏడాది ఆరోగ్య దినోత్సవ అంశం నోటి ఆరోగ్యమే. 2021లో ఆ సంస్థ అత్యవసర మందుల పట్టికలో గ్లాస్ అయొనోమర్ సిమెంటు, ఫ్లోరైడ్ టూత్‌పేస్టు, పుచ్చు ముదరకుండా ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందు చోటు సంపాదించుకొన్నాయి. కరెంటు లేని పల్లె కోసం వెదకిన దారి నేడు పెద్ద పట్టణాల్లో కూడా, ముఖ్యంగా డ్రిల్లుకు భయపడే పిల్లలకు, వాడబడుతున్నది.

అదే టాంజానియాలో బ్రిడ్జ్ టు ఎయిడ్ అనే బ్రిటన్ ధార్మిక సంస్థ మరో మెట్టు ఎక్కింది. బ్రిటన్ నుండి వచ్చిన దంత వైద్యులు తామే పళ్ళు పీకి వెళ్ళిపోకుండా, పల్లె ఆరోగ్య కేంద్రాల్లో అప్పటికే పనిచేస్తున్న వైద్య సహాయకుల పక్కన నిలబడి నేర్పించారు. మత్తు ఎక్కడ ఇవ్వాలి, పన్ను ఎలా తీయాలి, ఏ రోగిని పెద్దాసుపత్రికి పంపాలి, ప్రెషర్ కుక్కర్ ఆవిరితో పనిముట్లను ఎలా శుద్ధి చేయాలి, ఇవీ ఆ పాఠాలు. అతిథులు విమానం ఎక్కిన మరునాడు కూడా ఆ ఊరిలో పన్ను తీయగల మనిషి ఉన్నాడు.

బడి ఆవరణలో బ్రష్షులు

ఫిలిప్పీన్స్ దేశంలో 2006లో జరిగిన సర్వేలో ఆరేళ్ళ పిల్లల్లో ప్రతి 100 మందిలో 97 మందికి పళ్ళు పుచ్చి ఉన్నాయని తేలింది. ఇంతమంది పిల్లలకు వైద్యం చేయడానికి ఎంతమంది డాక్టర్లు చాలుతారు? అందుకని అక్కడి విద్యాశాఖ జర్మనీ ప్రభుత్వ సహాయంతో వేరే దారి పట్టింది. బడిలో ప్రతిరోజు పిల్లలందరూ వరుసగా నిలబడి సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోముకోవాలి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మందు వేసుకోవాలి. సరుకులకు ఒక్కొక్క బిడ్డకు ఏడాదికి ఒక డాలరు కంటే తక్కువే ఖర్చయింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. పిల్లలను నడిపించింది డాక్టర్లు కాదు, ఆ బడి పంతుళ్ళే. కుళాయిలు కట్టడంలో తల్లిదండ్రులు చెయ్యి వేశారు. సరుకులు కొనడానికి స్థానిక ప్రభుత్వాలు డబ్బు పెట్టాయి. జర్మనీ నుండి వచ్చింది ఆలోచన, శిక్షణ, మొదటి ఊతం.

శ్రీకాకుళం అడ్డపొగ

పరదేశ సహాయం మన తెలుగు పల్లెల నోటిని కూడా తాకింది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాన చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని కాల్చే అలవాటు ఉంది. దానినే అడ్డపొగ అంటారు. మగవారి కంటే ఆడవారిలో ఇది ఎక్కువ. ఆ నిప్పు వేడికి, పొగకు అంగిలి కమిలిపోయి తెల్లబడుతుంది. కొందరికి అది క్యాన్సరుగా మారుతుంది.

1960లలో బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ ఫాలీ మెహతా, డెన్మార్క్‌కు చెందిన ఆచార్య యెన్స్ పిండ్‌బోర్గ్, వారి బృందం కలిసి, అమెరికా ఆర్థిక సహాయంతో మన దేశంలో ఐదు జిల్లాల పల్లెల్లో ఇంటింటికి తిరిగి నోళ్ళు పరీక్షించారు. మొత్తం 50,915 మంది. అందులో శ్రీకాకుళం జిల్లావారు 10,169 మంది. వారిలో ప్రతి 100 మందిలో 40 మందికి పైగా అడ్డపొగ అలవాటు గలవారని 1971లో ప్రకటించారు.

లెక్క రాసుకొని వెళ్ళిపోతే అది పరిశోధన మాత్రమే అయ్యేది. 1970ల చివర మరల శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందిని ఎంచుకొని, ఏటేటా నోరు పరీక్షిస్తూ, ఎదుట కూర్చొని మానమని చెప్పారు. సినిమాలు, రేడియో, పోస్టర్ల ద్వారా కూడా చెప్పారు. ఐదేళ్ళ తరువాత 1986లో ఫలితాలు వచ్చాయి. శ్రీకాకుళంలోను, ఎర్నాకుళంలోను మానినవారు, తగ్గించినవారు మునుపటి బృందంతో పోలిస్తే బాగా పెరిగారు. నోటిలో కొత్తగా వచ్చే మచ్చలు తగ్గాయి. చదువు రాని ముసలమ్మ చుట్ట మానదని అనేవారికి ఆ పల్లెలు జవాబిచ్చాయి. తన నోటిలోని మచ్చను అద్దంలో చూపించి మర్యాదగా చెప్పేవారుంటే ఆమె కూడా వింటుంది.

ఓడలో వచ్చేవారు, ఉండిపోయినవారు

మన విశ్వాసులలో చాలామంది మెర్సీ షిప్స్ పేరు విని ఉంటారు. 1978లో డాన్, డియోన్ స్టీఫెన్స్ దంపతులు ప్రారంభించిన ఈ క్రైస్తవ సంస్థ ఆసుపత్రి ఓడలను ఆఫ్రికా రేవులకు పంపుతుంది. ఓడలో శస్త్రచికిత్సలు జరుగుతుండగా, దంత వైద్యం సాధారణంగా ఒడ్డున ఏర్పరచిన క్లినిక్‌లో చేస్తారు. స్థానిక వైద్యులకు శిక్షణనివ్వడం కూడా వారి పరిచర్యలో భాగం. ఎందుకంటే ఓడ ఏనాటికైనా లంగరు ఎత్తవలసిందే.

మన గుంటూరుకు 1883లో వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ ఆన్నా కూగ్లర్‌ను జ్ఞాపకం చేసుకోండి. 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. అందరూ అలా ఉండిపోలేరు. మంచి సమరయుడు కూడా తన దారిన వెళ్ళవలసినవాడే. కాని గాయానికి కట్టు కట్టి ఊరుకోలేదు. సత్రం యజమానికి డబ్బిచ్చి, మిగతా బాధ్యత అప్పగించి, మరల వస్తానని చెప్పి వెళ్ళాడు. వచ్చి వెళ్ళేవారి సహాయం ఎలా ఉండాలో అక్కడే ఉంది.

సంఘ పెద్దలు అడగవలసినవి

మీ సంఘంలో దంత శిబిరం పెడతామని ఎవరైనా వస్తే సంతోషంగా చేర్చుకోండి. నెలల తరబడి బాధపడుతున్న కూలివానికి ఆ పూట పన్ను తీసివేయడం గొప్ప మేలే. దానిని తక్కువ చేయరాదు. అయితే ముందుగా కొన్ని మాటలు అడగండి. పనిచేసేవారికి మన దేశంలో వైద్యం చేయడానికి అనుమతి ఉన్నదా? పనిముట్లను ఒక్కొక్క రోగికి ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేస్తారా? ఇది చిన్న విషయం కాదు. శుద్ధి చేయని పనిముట్ల వల్ల హెపటైటిస్ బి వంటి జబ్బులు అంటుకొంటాయి. పన్ను తీసిన రాత్రి రక్తం ఆగకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ సంగతి తెలుసా? వారు వెళ్ళిన తరువాత మన ఆశా కార్యకర్తకు గాని, బడి టీచరుకు గాని ఏమి నేర్పి వెళ్తారు? ఈ ప్రశ్నలు అడిగితే అతిథులు నొచ్చుకొంటారేమోనని జంకవద్దు. నిజంగా మేలు చేయ వచ్చినవారు వీటికి సంతోషిస్తారు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల పాఠకులు ఒక మాట అడుగుతారు: "మా పళ్ళు పాడుచేసింది ఫ్లోరైడే కదా, మరల ఫ్లోరైడ్ పేస్టు వాడమంటారేమిటి?" న్యాయమైన ప్రశ్న. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ ఫ్లోరైడ్ జబ్బును 1937లోనే వైద్యులు గుర్తించారు. చిన్నతనంలో, పళ్ళు తయారయ్యే వయసులో, తాగే నీటి ద్వారా ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి పోవడం వల్ల పళ్ళకు గోధుమరంగు మచ్చలు వస్తాయి. పేస్టులోని ఫ్లోరైడ్ మింగడానికి కాదు. పంటి పైపొరను గట్టిపరచడానికి. కాబట్టి మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ లోపు వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. తల్లి దగ్గరుండి ఉమ్మివేయించాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో మొదట నీటి సంగతి చూడాలి, పిల్లల పేస్టు విషయం డాక్టరును అడగాలి.

ఇటుక పొడి, బొగ్గు, కచ్చికతో గట్టిగా రుద్దితే పంటి పైపొర అరిగిపోతుంది. రాత్రి పడుకొనే ముందు ఒకసారి, ఉదయం ఒకసారి తోముకోండి. బిడ్డ నోటిలో పాలసీసా పెట్టి నిద్రపుచ్చవద్దు. గుట్కా, ఖైనీ, చుట్ట ఇంట్లోకి రానివ్వకండి. నోటిలో రెండు వారాలకు మించి మానని పుండు గాని, తెల్లమచ్చ గాని ఉంటే నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించండి.

వచ్చే వేసవిలో సెలవుల బైబిలు పాఠశాల పెట్టే సంఘాలవారు పిల్లలకు పలకలు, రంగులతో పాటు ఒక్కొక్క బ్రష్షు కూడా కొనండి. భోజనాల తరువాత పది నిమిషాలు చేతిపంపు దగ్గర వరుసగా నిలబెట్టి తోమించండి. స్త్రీల సమాజంవారు ఆ పని మీద వేసుకుంటే చాలు. దానికి ఏ దేశం నుండీ అతిథి రావలసిన పని లేదు.