యాత్రకు వ్యాను మాట్లాడేముందు... రేటొక్కటే చూడొద్దు!

సంక్రాంతి వెళ్లి, ధాన్యం డబ్బు చేతికందేసరికి పల్లెల్లో యాత్రల మాట మొదలవుతుంది. నాలుగిళ్లవాళ్లు కలిసి, తలా ఇంత వేసుకుని తిరుపతి, శ్రీకాళహస్తి, అరుణాచలం చుట్టి రావాలనుకుంటారు. ముసలివాళ్లను, పసిపిల్లలను వెంటబెట్టుకుని, బస్సులు మారే బాధ లేకుండా వెళ్లడానికి పన్నెండు, పదిహేడు సీట్ల వ్యాను అనువుగా ఉంటుంది. అయితే బండి మాట్లాడేటప్పుడు చాలామంది అడిగేది ఒక్కటే: "కిలోమీటరుకు ఎంత?" అంతకన్నా ముందు అడగాల్సినవి ఉన్నాయి.

ప్లేటు రంగు చూడండి

డ్రైవరుతో సహా కిరాయికి తిరిగే బండికి పసుపు ప్లేటుపై నల్ల అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానికే. "మనూరి బండే కదా, ఫరవాలేదు" అని దాన్ని కిరాయికి తీసుకెళ్తే తనిఖీలో పట్టుబడి యాత్ర నడిదారిలో ఆగిపోవచ్చు. ప్రమాదం జరిగితే చిక్కు మరీ పెద్దది. సొంతానికని బీమా చేయించి కిరాయికి తిప్పారంటూ బీమా కంపెనీ అడ్డం తిరగవచ్చు. అప్పుడు కోర్టుల చుట్టూ తిరగాల్సింది బాధితులే.

పసుపు ప్లేటు ఉన్నా బీమా, ఫిట్‌నెస్, పర్మిట్ కాగితాలు చూడాలి. ఎనిమిదేళ్లు దాటిన కిరాయి బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అరుణాచలం తమిళనాడులో ఉంది కాబట్టి బండికి అఖిల భారత టూరిస్టు పర్మిట్ ఉందో లేదో అడగాలి. లేకపోతే సరిహద్దులో పన్ను ఎవరు కట్టాలో ముందే తేల్చుకోవాలి. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే బీమా, ఫిట్‌నెస్ గడువులు తెలుస్తాయి. ఇంట్లో చదువుకునే పిల్లలకు అది నిమిషం పని.

తక్కువ రేటుతో ఎక్కువ ఖర్చు

కిరాయి బండ్లకు రోజుకు ఇన్ని కిలోమీటర్లని కనీస లెక్క ఉంటుంది. తిరిగినా తిరగకపోయినా అంతకు డబ్బు కట్టాల్సిందే. నాలుగు రోజుల్లో 900 కిలోమీటర్లు తిరిగే యాత్ర అనుకుందాం. ఒకరు కిలోమీటరుకు 22 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు అన్నారు. ఇంకొకరు 24 రూపాయలు, కనీసం 250 అన్నారు. మొదటి బండికి 26,400 రూపాయలవుతుంది. రెండో బండికి 24,000 చాలు. రేటు తక్కువ చెప్పిన బండికే 2,400 ఎక్కువ!

కిలోమీటర్లు మీ ఊరి నుంచి లెక్కిస్తారా, బండి షెడ్డు నుంచా? షెడ్డు 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 60 మీ మీదే పడుతుంది. టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా ఎవరివి? అర్ధరాత్రి దాటితే ఇంకో రోజు కిందకు వస్తుందా? ఇవన్నీ ముందే అడగండి.

డ్రైవరుకు నిద్ర ఉందా?

2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున, మదనపల్లె నుంచి అజ్మీర్ యాత్రకు బయలుదేరిన వ్యాను కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో డివైడరు దాటి లారీని ఢీకొంది. 14 మంది ప్రాణాలు పోయాయి. తెల్లవారుజాము ఎంతటివాడికైనా కునుకు పట్టే వేళ. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకే పరిమితం చేసింది. 5 గంటలు పని చేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉండేది. రాత్రంతా నడిపించి, పగలు గుళ్ల చుట్టూ తిప్పి, మళ్లీ రాత్రికి బయలుదేరమంటే ఆ మనిషి ఎప్పుడు పడుకోవాలి? రాత్రి ప్రయాణం తప్పదంటే రెండో డ్రైవరును అడగండి. లేదా సత్రంలో గది తీసుకుని, డ్రైవరుకూ పడుకునే చోటు చూడండి. ముందు రోజు అతను వేరే కిరాయికి వెళ్లి వచ్చాడేమో కనుక్కోవడంలో తప్పులేదు.

లోపల గ్యాసు వద్దు

దారిలో వండుకుందామని కొందరు గ్యాసు సిలిండరును సీట్ల మధ్యే పెడతారు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. నిబంధనలకు విరుద్ధంగా తెచ్చిన గ్యాసు సిలిండరే దానికి కారణమని రైల్వే ప్రకటించింది. వ్యానైతే ఇంకా ఇరుకు. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లండి, లేదా హోటల్లో తినండి. అత్యవసర ద్వారానికి అడ్డంగా మూటలు పేర్చకండి.

చివరగా, మాట్లాడుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి, యజమాని చేత సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. బండి నంబరు, రోజులు, రేటు, కనీస కిలోమీటర్లు, బత్తా అందులో ఉండాలి. బయలుదేరేటప్పుడు మీటరు అంకెను ఫోనులో ఫోటో తీసుకోండి. కాగితాలు చూపడానికి నసిగే యజమాని బండి ఎంత చవకైనా ఎక్కవద్దు.