చుక్కల మందు తేలికేం కాదు

జ్వరాల కాలంలో పిల్లల డాక్టర్లు విని విని విసిగిపోయిన మాట ఒకటుంది: "డ్రాప్సే కదండీ వేశాం!" చంటిపిల్లల కోసం చేసింది కాబట్టి డ్రాప్స్ పలచన, సిరప్ ఘాటు అని ఇంటింటా నమ్మకం. అందుకే మూడేళ్ల వాడికి ఒళ్లు కాలితే, చంటి చెల్లెలికి తెచ్చిన డ్రాప్స్ సీసా అందుకుని, "వీడు పెద్దాడేగా" అంటూ చెంచాడు పోసేస్తారు.

లెక్క చూడండి. మన షాపుల్లో దొరికే పారాసెటమాల్ డ్రాప్స్‌లో సాధారణంగా ఒక ఎం.ఎల్.కి 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 120 లేదా 125, అంటే ఎం.ఎల్.కి పాతికకు అటూఇటూ. తేలికనుకున్నదే నాలుగింతలు ఘాటు. పసిబిడ్డ ఎక్కువ మింగలేదు, పోసింది కక్కేస్తుంది. కొద్దిపాటితోనే సరిపడా మందు లోపలికి వెళ్లాలని దాన్ని అలా చిక్కగా చేశారు. 5 ఎం.ఎల్. డ్రాప్స్ పోస్తే పెద్దవాళ్లు వేసుకునే 500 మాత్ర ఒకటి మింగించినట్టే. తాతగారి మాత్రను మనవడి నోట్లో ఎవరూ వేయరు, చెంచాతో మాత్రం నిశ్చింతగా పోస్తారు!

ఇది చాలదన్నట్టు 5 ఎం.ఎల్.కి 250 ఉన్న సిరప్ కూడా ఉంది. పోయినసారి ఐదు రాశారు కదా అని ఈ సీసాలోంచీ ఐదే పోస్తే మోతాదు రెట్టింపవుతుంది. వయసు కాదు, బరువు చూడాలి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు డ్రాప్స్ అయితే 1 నుంచి 1.5 ఎం.ఎల్., 125 సిరప్ 4 నుంచి 6, 250 సిరప్ 2 నుంచి 3. మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, రోజు మొత్తంలో నాలుగుసార్లు దాటకూడదు. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే సీసా వెతకొద్దు, ఆసుపత్రికి బయల్దేరండి.

మోతాదు మించితే దెబ్బ తినేది లివర్. తొలిరోజు బిడ్డ ఆడుకుంటూనే ఉండొచ్చు. విరుగుడు ఉంది, ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. "ఏం కాలేదుగా" అనుకుంటూ ఇంట్లో కూర్చుంటే పోయేది ఆ గంటలే.

ఇక దగ్గు సిరప్ పడందే దగ్గు తగ్గదన్న నమ్మకం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ సిరప్ తాగి కిడ్నీలు పాడై ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ మందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తేలింది. "మాది మంచి కంపెనీది" అంటారా? కల్తీ లేకపోయినా ఆ వయసులో దాని అవసరమే తక్కువ. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్ల లోపు వారికి సాధారణంగా అక్కర్లేదనీ కేంద్రం ఆ ఏడాది అక్టోబరులోనే చెప్పింది. మామూలు జలుబు దగ్గు చాలావరకు దానంతటదే పోతుంది.

బామ్మల వైద్యంలో ఒకటి మాత్రం, ఇష్టమున్నా లేకున్నా, ఒప్పుకోవాలి. ఏడాది దాటిన పిల్లలకు పడుకోబోయే ముందు అర చెంచా తేనె నాకిస్తే రాత్రి దగ్గు కాస్త తగ్గుతుంది, పరిశోధనల్లోనూ తేలింది. ఏడాది లోపయితే నాలుకకు రాయడం కూడా వద్దు, బొటులిజం ప్రమాదం ఉంది.

మిగతా నమ్మకాలకు ఇంత ఓపిక అక్కర్లేదు. వస నాకిస్తే మాటలు రావు, బిడ్డతో మాట్లాడితే వస్తాయి. చలికి బ్రాందీ చుక్కలు ఒంట్లో వేడి పెంచవు, రక్తంలో చక్కెర పడగొడతాయి. బస్సులో నిద్రపోతాడని జలుబు సిరప్ పట్టడం వైద్యం కాదు. పోయిన నెల కలిపిన యాంటిబయాటిక్ ఫ్రిజ్‌లో ఉన్నా పనికిరాదు. జ్వరం మందు నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు వారికి 2011లోనే నిషేధించారు, మాత్ర ముక్కలు చేసే పెద్దలు వినాలి.

వంటింటి చెంచా, ఉగ్గుగిన్నె పక్కన పెట్టి, ఎం.ఎల్. గీతలున్న సిరంజి షాపులో అడిగి తెచ్చుకోండి. ఒక సీసా ఫిల్లర్‌ను మరో సీసాకు వాడకండి. ఎక్కువ పడిందని అనుమానమొస్తే వాంతి చేయించొద్దు. ఎన్ని ఎం.ఎల్., ఎన్ని గంటలకు పోశారో రాసుకుని, ఆ సీసా చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.