నాదమును అమ్మిన ప్రకటనలు

మామిడిపండ్లు అమ్మువాడు ఒక ముక్క కోసి మన చేతికిచ్చును. చీరలు అమ్మువాడు మడత విప్పి అంచు చూపును. కాని పాటలు వినిపించు యంత్రమును అమ్మువాడు పత్రికలో ప్రకటన వేసినచో ఏమి చూపగలడు? కాగితము పాడదు గదా! చెవికి తెలియవలసిన గుణమును కంటికి చూపుటకై వర్తకులు పన్నిన ఉపాయములు వినోదకరములు. వానివలన నేర్చుకొనదగినదియు కలదు.

మన పెద్దల యిండ్లలోని గ్రామఫోను ప్లేట్లపై ఒక కుక్కబొమ్మ ఉండెడిది. బాకా ముందు కూర్చుండి శ్రద్ధతో వినుచున్న ఆ కుక్క పేరు నిప్పర్. దానిని చిత్రించినవాడు ఫ్రాన్సిస్ బరౌడ్ అను ఆంగ్ల చిత్రకారుడు. మొదట ఆ చిత్రమున గొట్టమువంటి రికార్డులతో పాడు ఫోనోగ్రాఫు ఉండెను. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ చిత్రమును కొనుచు, పాత యంత్రముపై రంగు పూసి తమ యంత్రమును వ్రాయుమని కోరెను. అతడట్లే చేసెను. యంత్రము మారినది, కుక్క మాత్రము మారలేదు. ఏ యంత్రమునకైనను అది అంతే శ్రద్ధతో సాక్ష్యము చెప్పగలదు! బొమ్మ మనసును ఆకర్షించును గాని, రుజువు కానేరదు.

రుజువు చూపవలెనని ఎడిసన్ కంపెనీవారు తలచిరి. 1915 మొదలు 1925 వరకు వారు అమెరికాలోని పెక్కు ఊళ్ళలో సభలు జరిపిరి. వేదికపై గాయని యంత్రముతో కలిసి పాడుచుండగా దీపములార్పెడివారు. పాట సాగుచునే యుండెడిది. దీపములు వెలుగుసరికి గాయని అక్కడ లేదు, యంత్రమే పాడుచున్నది! సభికులు నివ్వెరపోయెడివారు. ఆ గాయనులలో అన్నా కేస్ ప్రసిద్ధురాలు. యంత్రపు స్వరమునకు సరిపోవునట్లు తన కంఠమును తగ్గించి పాడితినని ఆమెయే అనంతరకాలమున ఒప్పుకొనెను. యంత్రము మనిషివలె పాడుటకన్న, మనిషి యంత్రమువలె పాడుట సులభమయ్యెను.

1948లో ఎక్కువసేపు మ్రోగు రికార్డులు వెలువడిన పిదప, ఇంటిలోనే మంచి సంగీతము వినవలెనను కోరిక ప్రబలెను. అప్పుడు ప్రకటనలలో ‘హై-ఫై’ అను మాట మారుమ్రోగెను. ఇది ‘హై ఫిడిలిటీ’ అను మాటకు పొట్టిరూపము. ఫిడిలిటీ యనగా నమ్మకముగా నుండుట, మూలమునకు ద్రోహము చేయకుండుట.

1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ అనువారు అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున అకూస్టిక్ రిసెర్చ్ అను సంస్థను స్థాపించిరి. గాలి చొరని పెట్టెలో బంధింపబడిన గాలినే స్ప్రింగువలె పనిచేయించి, చిన్న లౌడ్‌స్పీకరునుండి గంభీరమైన మంద్రధ్వనిని రాబట్టుట వారి నేర్పు. వారును సభలు జరిపిరి. నలుగురు వాద్యకారులు వాయించుచు, నడుమ కమానులను ఊరక కదల్చెడివారు. ఆ వేళ లౌడ్‌స్పీకర్లు మ్రోగెడివి. మార్పు ఎచ్చట జరిగినదో కనుగొనుట శ్రోతల పని. అంతేగాక, న్యూయార్కులోని గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషనులో వారొక గదిని తెరచిరి. అచ్చట ఎవరైనను తమ చెవులతో వినవచ్చును. కాని ఆ గదిలో ఏ వస్తువును అమ్మెడివారు కారు! కొనుమని తొందరపెట్టువాడు లేనప్పుడే చెవి స్వేచ్ఛగా తీర్పు చెప్పగలదు గదా!

అందరును ఇట్టి ఓర్పు చూపలేదు. యాంప్లిఫయరు శక్తిని వాట్లలో కొలుతురు. కొందరు తయారీదారులు, యంత్రము కనురెప్పపాటు కాలము మాత్రమే ఈయగల శక్తిని కొలిచి, ఆ పెద్ద అంకెనే ప్రకటనలలో అచ్చువేసిరి. ధాన్యపు బస్తాను ఒక్క క్షణము పైకెత్తుట వేరు. దానిని మోసికొని మైలు దూరము నడచుట వేరు. మొదటిదానిని చూపి రెండవదానికి కూలి అడిగినచో మనమొప్పుకొందుమా? అందుచే 1974లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నియమము చేసెను. యంత్రము ఎడతెగక ఈయగల శక్తినే ప్రకటింపవలెను. ఆ శక్తి వద్ద ధ్వని ఎంత వికృతమగునో కూడ తెలుపవలెను. 2024లో ఈ నియమమును సవరించి, కొలతలన్నియు ఒకే పద్ధతిని జరుగునట్లు చేసిరి.

గాయకుని కంఠమునకు యంత్రము ఎంత నమ్మకముగా నుండవలెనో, కొనువానికి ప్రకటన అంత నమ్మకముగా నుండవలెను. అందమైన బొమ్మను చూచి ఆనందింపుడు, తప్పు లేదు. పెద్ద అంకెను చూచినపుడు మాత్రము, దానిని ఎవరు కొలిచిరి, ఎట్లు కొలిచిరి అని అడుగుడు. ఆపైన, పైకము చెల్లించుటకు ముందు, కన్నులు మూసికొని ఒక పాట పూర్తిగా వినుడు.