లారీ ఇండికేటరు స్విచ్చి – దోషము కనుగొని బాగుచేయు విధము

కృష్ణగిరి నుండి తిరువణ్ణామలకు పోవు రహదారి మన ఊత్తంగరై మీదుగా పోవుచున్నది. హరూరు, తిరుప్పత్తూరు బాటలును ఇచ్చటనే కలియుచున్నవి. మామిడి కాలమున కాయల బుట్టలతోను, తక్కిన కాలమున ధాన్యము, ఇటుకలు మొదలగు సరకులతోను లారీలు రేయింబవళ్లు ఈ బాటలలో తిరుగుచుండును. వాటిని నడుపువారిలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, ఉత్తరదేశపువారు అందరును కలరు. ఒకరి మాట మరొకరికి తెలియకపోవచ్చును గాని, ముందు పోవు లారీ వెనుక కుడివైపున నారింజవన్నె దీపము వెలిగి ఆరుచుండినచో అది కుడికి తిరుగబోవుచున్నదని అందరికిని తెలియును. బాటమీద ఎల్లవారికిని సమానమైన భాష ఈ దీపమే. అట్టి భాష పలుకవలసిన వేళ పలుకకున్నను, తప్పుగా పలికినను కలుగు ఫలము ప్రాణనష్టము.

పాత లారీలలో ఈ దీపము తరచుగా మొరాయించును. అట్టియెడల పలువురు మొదట స్విచ్చినే నిందింతురు. క్రొత్తది కొని బిగింతురు. అయినను దీపము వెలుగదు. దోషము మరియొకచోట నుండుటయే దీనికి కారణము. కావున స్విచ్చి బాగుచేయుటకు ముందు దోషము స్విచ్చిలోనే కలదని రుజువు చేసికొనవలెను. ఈ రుజువు విధమును, పిమ్మట చేయవలసిన మరమ్మతును ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

దీపము వచ్చిన కథ

తొలినాళ్లలో మోటారు నడుపువారు చేయి చాచియే సంజ్ఞ చేసెడివారు. పిమ్మట కొన్ని బండ్లకు రైలు కైకాటివంటి చిన్న చేతిని ప్రక్కన అమర్చి, మలుపువద్ద అది పైకి లేచునట్లు చేసిరి. వెలిగి ఆరు దీపములను 1939 నాటి కార్లతో అమెరికాలోని బ్యూక్ సంస్థ వ్యాప్తికి తెచ్చినది. మనదేశమున 1948లో మద్రాసున స్థాపింపబడిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండు అయినది. 1980లో మన హోసూరునందును దాని కర్మాగారము వెలసినది. జంషెడ్‌పూరున టాటావారు 1954 నుండి జర్మనీ బెంజి సంస్థ సాయమున లారీలు చేసిరి.

1988 మోటారు వాహనముల చట్టము, మలుపు సంజ్ఞను విద్యుత్సాధనముతో నొసగుటకు అనుమతించుచున్నది. 1989 కేంద్ర నియమముల ననుసరించి ఆ దీపము నిమిషమునకు 60 సార్లకు తగ్గకుండ, 120 సార్లకు మించకుండ వెలిగి ఆరవలెను. ఈ రెండు సంఖ్యలను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. దోషము వెదకుటలో ఇవి మనకు పనికివచ్చును.

విద్యుత్తు నడచు దారి

లారీలలో సామాన్యముగా 12 ఓల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 ఓల్టులు పొందుదురు. బ్యాటరీనుండి బయలుదేరిన విద్యుత్తు ఇగ్నీషన్ తాళమును, ఫ్యూజును దాటి ఫ్లాషరునకు వచ్చును. దీపమును వెలిగించుచు ఆర్పుచు నుండు చిన్న డబ్బీయే ఫ్లాషరు. మనము వినెడి టిక్కుటిక్కు ధ్వని దానిదే. అచ్చటినుండి ఒక తీగ స్టీరింగు క్రిందనున్న స్విచ్చికి పోవును. స్విచ్చివద్ద దారి రెండుగా చీలును: ఒకటి ఎడమ దీపములకు, ఒకటి కుడి దీపములకు. దీపమును వెలిగించిన పిమ్మట విద్యుత్తు ఎర్తు తీగద్వారా ఛాసిస్ ఇనుములోనికి ప్రవేశించి, ఆ ఇనుము వెంటనే బ్యాటరీ రుణధ్రువమునకు తిరిగి చేరును.

కాలువనీరు చివరి మడి చేరవలెనన్నచో నడుమనున్న తూములన్నియు తెరచియుండవలెను గదా. ఇచ్చటను అంతే. ఫ్యూజు, ఫ్లాషరు, స్విచ్చి, బల్బు, ఎర్తు – ఈ అయిదింటిలో ఏ ఒక్కటి చెడినను దీపము వెలుగదు. స్విచ్చి వీటిలో ఒకటి మాత్రమే.

స్విచ్చి లోపల ఏమున్నది?

మీటను త్రిప్పినప్పుడు లోపలనున్న రాగి లేక ఇత్తడి పలక జరిగి, నడిమి బిందువును ఎడమ బిందువుతో గాని కుడి బిందువుతో గాని కలుపును. మీట త్రిప్పినచోట నిలుచుటకు చిన్న స్ప్రింగును, దాని మొననున్న గుండును పల్లములో కూర్చుండును. మలుపు ముగిసి చక్రము వెనుకకు తిరుగునప్పుడు, స్టీరింగు గొట్టముమీది మిట్ట స్విచ్చిలోని చిన్న నాలుకను తట్టి మీటను నడిమికి త్రోయును. ఈ ఏర్పాటు అన్ని పాత లారీలలోను ఉండదు.

ఏండ్లు గడచుకొలది దుమ్ము, చెమట, తేమ లోనికి దిగును. లోహముమీద కిలుము పట్టును. స్ప్రింగు బలము తగ్గి పలకలు గట్టిగా అంటుకొనవు. తాకీ తాకనిచోట నిప్పురవ్వలు లేచి లోహము మాడును.

దీనిని లెక్కతో చూతము. ఒక ప్రక్కన 21 వాట్ల బల్బులు రెండు, మొత్తము 42 వాట్లు. 42ను 24చే భాగించిన 1.75 ఆంపియర్ల ప్రవాహము. ఓము సూత్రమున బల్బుల ఉమ్మడి నిరోధము సుమారు 13.7 ఓములు. కిలుమువలన స్విచ్చిలో 2 ఓముల నిరోధము చేరెననుకొందము. మొత్తము 15.7 ఓములు, ప్రవాహము 1.53 ఆంపియర్లకు తగ్గును. స్విచ్చిలోనే దాదాపు 3 ఓల్టులు వ్యర్థమగును. దీపము వెలుగు క్షణములలో అచ్చట సుమారు 4.7 వాట్ల వేడి పుట్టును. బల్బు తీగ నిరోధము వేడినిబట్టి మారును గనుక ఇది సుమారు లెక్కయే. అయినను ఇంచుక చోటున పుట్టిన ఆ వేడి ప్లాస్టిక్కును మెత్తబరచుటకు చాలును. ఓల్టులు ఎనిమిదవ వంతు తగ్గినచో బల్బు కాంతి మూడవ వంతుకు పైగా తగ్గును. వెనుకవచ్చు బండివానికి ఎండలో ఆ దీపము కానరానే కానరాదు.

దోషము ఎచ్చట?

మొదట లారీ చుట్టును తిరిగి చూడవలెను. పరికరములు అక్కరలేకయే సగము సంగతి తెలియును.

ఒక ప్రక్క దీపములు సరిగా వెలుగుచు, రెండవ ప్రక్క ఒక్క దీపము మాత్రమే వెలుగకున్నచో స్విచ్చి నిర్దోషి. ఆ బల్బు గాని, దాని ఎర్తు గాని చెడినది. అట్టియెడ ఎలక్ట్రానిక్ ఫ్లాషరు సామాన్యముగా రెట్టింపు వేగమున కొట్టుకొనును. పాతకాలపు వేడి ఫ్లాషరు అయినచో మెల్లగా కొట్టుకొనును, లేక ఆరక నిలిచిపోవును. నిమిషమునకు 120 దాటిన లెక్క వచ్చినచో మొదట బల్బును చూడవలెననుటకు ఇదియే కారణము.

ఇండికేటరు వేయగా వెనుక ఎర్రదీపముకూడ మసకగా మినుకుమినుకుమనుచున్నచో ఎర్తు చెడినది. విద్యుత్తు తన దారి కానక ప్రక్క బల్బుగుండ పోవుచున్నదన్నమాట. వెనుకదీపము బిగించినచోట తుప్పు గీకి, ఎర్తు తీగను గట్టిగా బిగించినచో చాలును. బురదలోను వానలోను నానెడి లారీలకు ఈ దోషము మిక్కిలి సామాన్యము.

రెండు ప్రక్కలను ఏ దీపమును వెలుగకున్నచో ఫ్యూజును, ఫ్లాషరును చూడవలెను. నాలుగు దీపములను ఒకేసారి వెలిగించు అపాయపు మీట ఉన్న బండియైనచో దానిని నొక్కి చూడవలెను. అన్నియు వెలిగినచో బల్బులు, వాటి తీగలు, ఎర్తులు బాగున్నవి. దోషము స్విచ్చిలోనో, ఇండికేటరు ఫ్యూజులోనో ఉన్నది.

మీటను చేతితో కదలించినప్పుడు వెలిగి, విడిచినప్పుడు ఆరిపోయినచో స్విచ్చిని అనుమానింపవచ్చును. అనుమానమును రుజువుగా మార్చుట ఇట్లు: ఇగ్నీషన్ తాళము త్రిప్పియుంచి, స్విచ్చి క్రింది ప్లగ్గును విడదీసి, ఫ్లాషరునుండి వచ్చు తీగను ఎడమ తీగతో చిన్న తీగముక్కచే కలుపవలెను. ఎడమ దీపములు కొట్టుకొనినచో, పిమ్మట కుడి తీగతో కలిపి చూడవలెను. రెండును వెలిగి, స్విచ్చిద్వారా మాత్రము వెలుగకున్నచో దోషము స్విచ్చిదే. ఏ తీగ ఏదో తెలియనిచో ఈ పరీక్షకు పూనుకొనరాదు. బ్యాటరీ తీగ ఎర్తుకు తగిలినచో ఫ్యూజు పోవును, ఫ్యూజు లేనిచోట తీగ కాలును.

మరమ్మతు

లారీని చదునైన చోట నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టి, చేతిబ్రేకు వేయవలెను. బ్యాటరీ రుణధ్రువపు తీగను విప్పవలెను. కొన్ని బండ్లలో స్టీరింగు చక్రము తీయకయే స్విచ్చి వెలుపలికి వచ్చును. చక్రము తీయవలసివచ్చినచో ముందు చక్రములను తిన్నగా నిలిపి, చక్రమునకును గొట్టమునకును కలియునట్లు గీత గీచికొని, పుల్లరుతో లాగవలెను. సుత్తితో కొట్టరాదు. తిరిగి బిగించునప్పుడు నట్టు తగిన బిగువున ఉండవలెను గనుక ఈ పని అనుభవజ్ఞుడైన మెకానిక్కే చేయవలెను. గాలిసంచి అమర్చిన క్రొత్త బండ్లలో ఇతరులు ఈ భాగమును ముట్టనే రాదు.

తీగల రంగులను, వాటి స్థానములను కాగితముమీద వ్రాసికొనిన పిమ్మట స్విచ్చిని విప్పవలెను. తెల్లని గుడ్డ పరచి, దానిమీద మూత తీయవలెను. లోపలి స్ప్రింగును గుండును ఎగిరిపోవును. నేలమీద పడినచో దొరకవు. పలకలమీది కిలుమును సన్నని ఉప్పుకాగితముతో మెల్లగా తుడిచి, పొడిని పూర్తిగా దులుపవలెను. ఎక్కువగా రాచినచో లోహము అరగి తాకిడి తగ్గును. కడుగుటకు కాంటాక్టు క్లీనరు వాడవలెనే గాని పెట్రోలు కూడదు. స్ప్రింగు సాగియున్నచో మార్చవలెను. గుండు తిరుగు పల్లమునకు కొంచెము గ్రీజు చాలును. ఊడిన తీగను మెలిపెట్టి టేపు చుట్టుట మరమ్మతు కాదు. సోల్డరు పెట్టి, పైన తొడుగు వేయవలెను.

పలక మాడి గుంటలు పడినను, ప్లాస్టిక్కు కరగినను, నాలుక విరిగినను బాగుచేయు ప్రయత్నము మాని క్రొత్త స్విచ్చి వేయుటయే మేలు. అయితే వేడికి కారణమైన దోషమును తీర్చకున్నచో క్రొత్తదియు మాడును. కొలతకంటె ఎక్కువ వాట్ల బల్బులు వేసిరేమో చూచి, తగినవి బిగింపవలెను.

పని ముగిసిన పిమ్మట, దీపము వెలుగుచుండగా స్విచ్చి లోనికివచ్చు తీగకును, వెలుపలికిపోవు తీగకును నడుమ ఓల్టుమీటరు పెట్టి చూడవలెను. ఓల్టులో రెండు మూడు పదవవంతులకు మించినచో తాకిడి ఇంకను సరిగా లేదన్నమాట.

చేయరాని పనులు

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావుపాటి రాగితీగ చుట్టుట ప్రమాదకరము. ఎచ్చటనో తీగతొడుగు ఒరసికొని ఛాసిస్‌కు తగులుచున్నదని ఫ్యూజు చెప్పుచున్నది. ఆ మాట విని తీగను వెదకవలెను. ఇండికేటరు చెడినదని ఊరకుండుటయు తగదు. బాగగువరకు చేతితో సంజ్ఞ చేయవలెను; రాత్రి ప్రయాణము మానవలెను.

మరియొక దురభ్యాసము కలదు. వెనుకవానిని దాటిపొమ్మనుటకు కొందరు డ్రైవర్లు కుడి దీపము వేయుదురు; కొందరు ఎడమది వేయుదురు. అదే దీపము తిరుగబోవుటకును గుర్తు. వెనుకవాడు ఏది నమ్మవలెను? ఒక గుర్తుకు రెండు అర్థములున్నచో ఆ గుర్తు లేకున్నంతకంటె చెడ్డది. స్విచ్చి ఎంత బాగున్నను ఈ దోషమును ఏ మెకానిక్కును తీర్పలేడు.

మన పిల్లలు భౌతికశాస్త్రమున చదువు ఓము సూత్రము షెడ్డులో ప్రతిదినము పనిచేయుచున్నదే. షెడ్డులో ఎర్తు అనునది, పాఠములో తిరుగుదారి అనునది ఒక్కటే. ఈ రెండింటిని కలిపి తెలిసికొనిన బాలుడు పుస్తకమునకును పనిముట్టునకును నడుమ చిక్కుకొనడు. పెద్దలు లేనిదే విప్పు పనికి పిల్లలు పూనుకొనరాదు గాని, లెక్కించు పని వారిదే కావచ్చును. లారీ నడుపు ఇండ్లలో, బండి బయలుదేరుటకు ముందు తండ్రి మీట వేయగా, పిల్లవాడు గడియారము పట్టి వెనుక దూరముగా నిలిచి అర నిమిషము లెక్కింపవలెను. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి. ముప్పదికి తగ్గినను, అరువదికి మించినను ఆ బండి బాగుపడినంతవరకు బాట యెక్కరాదు.