దంచితేనే వెల్లుల్లికి ఆ శక్తి
పుండుపై ముద్ద కడితే చర్మం కాలే ప్రమాదం

పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బను ముక్కు దగ్గర పెట్టుకున్నా పెద్దగా వాసన రాదు. రోట్లో వేసి ఒక్క పోటు వేస్తే వంటిల్లంతా ఘాటెక్కుతుంది. సూక్ష్మక్రిములను అణిచే గుణం వెల్లుల్లికి వచ్చేదీ ఆ క్షణంలోనే.

రెబ్బలోని కణాల్లో అల్లిన్ అనే గంధక పదార్థం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. దంచినప్పుడు ఆ రెండూ కలిసి, కొద్ది సెకన్లలోనే అల్లిసిన్ అనే ఘాటైన పదార్థం పుడుతుంది. 1944లో అమెరికా శాస్త్రవేత్తలు కావలీటో, బెయిలీ దీనిని వేరుచేసి, పలు రకాల బ్యాక్టీరియా పెరుగుదలను అడ్డుకుంటుందని చూపారు. బ్యాక్టీరియా బతకడానికి అవసరమైన ఎంజైములను ఇది పనిచేయనివ్వదు. పప్పులోనో, పులుసులోనో నిండు రెబ్బలు వేసి ఉడికిస్తే వేడికి అల్లినేజ్ ముందే చెడిపోతుంది. రుచికి లోటుండదు గానీ అల్లిసిన్ మాత్రం పుట్టదు.

గాజు పళ్లెం వేరు, ఒళ్లు వేరు

ప్రయోగశాలలో బ్యాక్టీరియా పెంచిన గాజు పళ్లెంలో పచ్చి వెల్లుల్లి రసం వేస్తే, దాని చుట్టూ క్రిములు పెరగని వలయం ఏర్పడుతుంది. చూడముచ్చటైన పరీక్షే. అయితే తిన్న వెల్లుల్లిలోని అల్లిసిన్ రక్తంలో అదే రూపంలో నిలవదు. వైద్యుడు రాసిన యాంటీబయాటిక్ మాత్రలను మధ్యలో మాని వెల్లుల్లిని నమ్ముకుంటే జబ్బు ముదరవచ్చు.

పుండుకు పచ్చి ముద్ద కట్టడం ఇంకా ప్రమాదకరం. గంటల తరబడి కట్టు ఉంచడంతో చర్మం కాలి బొబ్బలెక్కిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికైతే కాలుతున్న సంగతే తెలియకపోవచ్చు. చెవిపోటుకు వెల్లుల్లి కాచిన నూనె పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. కర్ణభేరికి చిల్లు ఉంటే అది లోపలికి దిగి హాని చేస్తుంది.

నూనెలో నిల్వ చేస్తే...

క్రిములను చంపే వెల్లుల్లి తాను చెడదనుకోవడం మరో పొరపాటు. మట్టిలో ఉండే బొటులినం క్రిమి బీజాలు రెబ్బలకు అంటుకుని వస్తాయి. గాలి తగలని నూనెలో అవి మొలకెత్తి, నరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేస్తాయి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో, ఫ్రిజ్‌లో పెట్టకుండా నిల్వ ఉంచిన నూనె వెల్లుల్లి తిని 36 మంది ఈ విషానికి గురయ్యారు. రంగు, వాసనను బట్టి దానిని పసిగట్టలేం.

ఆవకాయలోనూ నూనె, వెల్లుల్లి ఉంటాయి కదా అన్న సందేహం సహజం. అందులో మామిడి పులుపు, దండిగా ఉప్పు ఉండటంతో ఆ క్రిమి పెరగలేదు. పులుపు కలపకుండా ఇంట్లో నూనెతో నూరుకున్న వెల్లుల్లి ముద్దను ఫ్రిజ్‌లోనే ఉంచి, నాలుగు రోజుల్లోపు వాడేయాలి.