విద్యార్థి – వాదరచన

గ్రామపెద్దలారా!

మీ యిండ్లలోని బాలబాలికలు నేడు కళాశాలలలో చదువుచున్నారు. సెలవులకు వచ్చినపుడు వారేదో వ్రాయుచు, కొట్టివేయుచు, మరల వ్రాయుచుండుటను మీరు చూచియుందురు. ఏమిరా వ్రాయుచున్నావని యడిగినచో, "వ్యాసము, తాతా! నా పక్షమును నేను నిరూపింపవలెనట" యందురు. పెద్దలకు ఎదురు పలుకుటయే నేటి చదువా యని మీలో కొందరు శంకించుట నేనెఱుగుదును. ప్రాచ్యకళాశాలలో తర్కవ్యాకరణములు చదివి, ముప్పదియేండ్లకు పైగా బడిలో వ్యాసములు దిద్దినవాడను గావున, ఆ శంకను తీర్చుటకు నాలుగు మాటలు మనవి చేసెదను.

వాదము మనకు క్రొత్తది కాదు. మన నైయాయికులు దానిని మూడు తెఱగులుగా విభజించిరి. సత్యమును తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపే కోరి చేయునది జల్పము. తనకొక పక్షమే లేక, ఎదుటివాని మాటను ఖండించుటకు మాత్రమే పూనుకొనునది వితండము. రచ్చబండకడ మీరీ మూడింటిని వినియే యుందురు. వ్యాసము నేర్పుట యనగా మొదటిదానిని నేర్పుట, తక్కిన రెంటిని మాన్పుట.

అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివినవారికి ఐదు అవయవములు తెలియును. కొండపై నిప్పున్నది: ఇది ప్రతిజ్ఞ. పొగ యున్నది గనుక: ఇది హేతువు. ఎచ్చట పొగయో అచ్చట నిప్పు, వంటయింటివలె: ఇది ఉదాహరణము. ఈ కొండపైనను అట్టి పొగ యున్నది: ఇది ఉపనయము. కావున నిప్పున్నది: ఇది నిగమనము. విద్యార్థి వ్యాసమునకును ఎముకలివియే. అయితే దీనిని తలక్రిందు చేసి, నిప్పున్నది గనుక పొగ యుండవలెనన్నచో చెల్లదు. కమ్మరి కొలిమినుండి తీసిన ఎఱ్ఱని యినుపముద్దలో నిప్పు కలదు, పొగ లేదు. హేతువు బలమైనదా కాదా యని ఇట్లు పరీక్షించుటయే చదువులోని కష్టము.

ఈ సూత్రములన్నియు వల్లించియు నేను మొదట వాదము వ్రాయలేకపోతిని. ఆ కథ చెప్పెదను.

1978 ప్రాంతమున, నాకు ఇరువదియేండ్ల ప్రాయమున, మా గురువుగారు "వచనరచనకు గ్రాంథికమా, వ్యావహారికమా?" యను వ్యాసమును విధించిరి. శిష్టుల వాడుకభాషయే పాఠములకును వచనమునకును తగినదని గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వాదించిరి. గ్రాంథికమునే నిలుపవలెనని జయంతి రామయ్య పంతులుగారు ఎదురు నిలిచిరి. 1913లో ఇరువురును తమతమ వాదములను ఆంగ్లమున గ్రంథములుగా ప్రకటించిరి. నేనన్ననో గ్రాంథికాభిమానిని. పండ్రెండు పుటలు వ్రాసితిని. గిడుగువారు గ్రామ్యమును నెత్తికెత్తిరనియు, భాషను చెఱచిరనియు సమాసములు దట్టించి దూషించితిని. అంతటితో ఆగక, తరగతిలో శ్రీకాకుళపు సహాధ్యాయి ఒకడు వ్యావహారికమును సమర్థింపగా, అతని యాసను అనుకరించి అందఱిని నవ్వించితిని. అతడా యేడు తరగతిలో మరల నోరు తెఱవలేదు.

గురువుగారు నా వ్యాసమును తిరిగి యిచ్చిరి. అందొక్క దిద్దుబాటైనను లేదు. కడపటి పంక్తి క్రింద మాత్రము, "ఇందు రామమూర్తి పంతులుగారు ఎక్కడ? ఆయన చెప్పిన హేతువొక్కటియు కానరాదేమి?" యని యుండెను.

నిజమునకు నేనాయన గ్రంథమొక్కటియు చదివియుండలేదు. సిగ్గుపడి గ్రంథాలయమునకు పోయి చదివితిని. ఆయన గ్రామ్యమును కోరలేదు; శిష్టవ్యవహారమును కోరిరి. పూర్వులును వచనమున వాడుకరూపములు వ్రాసిరనుటకు శాసనములనుండి, వ్యాఖ్యానములనుండి ప్రయోగములు ఏర్చి చూపిరి. పండ్రెండు పుటలలో నేను కొట్టినది ఆయనను గాదు, నేను కల్పించుకొన్న మఱియొకనిని. ఆయన పుట్టినది శ్రీకాకుళపు సీమలోని పర్వతాలపేట యని చదివినపుడు, నేను నవ్వులపాలు చేసిన మిత్రుడే కన్నుల యెదుట నిలిచెను.

రెండవమాఱు వ్రాయునపుడు పూర్వపక్షమును ముందు నిలిపితిని. గిడుగువారు చదివినను "ఔను, నా మాట యిదియే" యనునట్లు వ్రాసితిని. పిమ్మట రామయ్య పంతులుగారి బలమైన హేతువును చెప్పితిని: వాడుక సీమసీమకు మాఱును, గ్రాంథికము అందఱకు ఒక్కటియై, ప్రాచీన కావ్యములతో మనలను ముడివేయును. రెంటిని తూచిన పిదప నా ప్రతిజ్ఞ చిన్నదైపోయెను: కావ్యశాస్త్రములు చదువుటకు గ్రాంథికమును నేర్పవలెను, పాఠములకును పత్రికలకును శిష్టుల వాడుక చాలును. గురువుగారు చదివి, "దీనికి బదులు చెప్పవలెనన్నచో నేనిప్పుడు ఆలోచింపవలెను" అనిరి. మిత్రుని క్షమాపణ వేడితిని. అతడు మన్నించెను గాని, పోయిన యేడాది మాటలు తిరిగి రావు గదా!

పెద్దలారా! ఈ విద్య మీకు తెలియనిది కాదు. గట్టు తగవు వచ్చినపుడు ఒక్క పక్షమే విని తీర్పు చెప్పెదరా? నోటిమాట చాలునా, దస్తావేజు చూపుమందురా? విద్యార్థి తన వ్యాసమున గ్రంథము పేరును, పుటసంఖ్యను చూపుట యనగా దస్తావేజు చూపుటయే. కావున మీ మనుమడో, మనుమరాలో వ్యాసము చదివి వినిపించునపుడు మూడు ప్రశ్నలు వేయుడు. నీ మాట యేమి? ఎందుచేత? కాదనువాడు ఏమనును? మూడవదానికి నిదానముగ బదులు చెప్పగల బిడ్డ పెద్దలను ధిక్కరించువాడు కాడు. ఎదుటివాని మాట వినుట నేర్చినవాడు.

ఇంత చెప్పియు గ్రాంథికముననే ప్రసంగించితినేమని మీరడుగవచ్చును. చిన్ననాటి అలవాటు. అది హేతువు కాదని గిడుగువారు అనెడివారేమో! సెలవు.